కోకోపీట్‌ని నీళ్లలో నిలబెట్టి ఆర్కిడ్‌ని చంపకండి

ఈ నెలలో అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. కుండీ అడుగున కాకుండా, అంగుళం ఎత్తులో పక్కకి కన్నం పెట్టి, ఆ కిందంతా నీళ్లు నిలవ ఉంచి ఆర్కిడ్లు పెంచమంటుంది. అంతవరకు బాగానే ఉంది. కుండీలో ఏం నింపాలో, ఏం పోయాలో చెప్పే ఐదు చిట్కాలతోనే వచ్చింది చిక్కు. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

రంగురాళ్లు వేస్తే అందమట. పైన ఒక వరుస వేసుకోండి, మొక్కకు వాటితో పని లేదు.

లెకా కొనక్కర్లేదు, ఏటి గులకరాళ్లు చాలట. లెకా అంటే బంకమట్టిని దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాల్చి పొంగించిన గుళికలు. లోపలంతా సన్నటి రంధ్రాలు. అడుగు నీళ్లు ఆ గుళికల మీదుగా పైకి పాకుతాయి. గులకరాయి నీళ్లు పీల్చదు. ఒత్తి లేని ప్రమిదలో నూనె ఎంత ఉంటే ఏం లాభం?

అసలు ప్రాణాలు తీసేది మూడో చిట్కా: "సగం కోకోపీట్ కలిపితే తేమ బాగా నిలుస్తుంది." మా పిన్ని ఇలాగే కలిపి మూడు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ మొక్కలు పోగొట్టుకుంది. మా తూర్పు కనుమల్లో చెట్ల కొమ్మల మీద వాండా ఆర్కిడ్ల వేర్లు గాలిలో వేలాడుతూ ఉంటాయి. వాన పడితే తడుస్తాయి, కాసేపటికి ఆరిపోతాయి. ఫెలనాప్సిస్ కూడా అలా చెట్ల మీద పెరిగే మొక్కే. గుళికల మధ్య ఖాళీలు ఉంటేనే, కింద నీళ్లున్నా వేరుకి ఊపిరి ఆడుతుంది. కోకోపీట్ అంటే కొబ్బరిపీచు పొట్టు. ఆ పొడి సరిగ్గా ఆ ఖాళీల్లోకే దిగి, నీళ్లు పీల్చి ముద్దవుతుంది. వేరు గోధుమరంగుకి తిరిగి, నొక్కితే పైతొక్క జారి లోపలి దారం మాత్రం మిగులుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ పొట్టు చివికి ఇంకా గట్టిపడుతుంది. సరిగ్గా కడగని పొట్టయితే అందులో ఉప్పు కూడా. ఆకులు వడలితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. చివరికి పిన్ని "నా చెయ్యి మంచిది కాదమ్మా" అంది. ఇరవై ఏళ్లుగా మల్లెలు, మందారాలు విరగబూయించిన చెయ్యి అది! ఈ మెసేజ్ రాసినవాళ్లు ఒక్క ఆర్కిడ్‌నైనా ఏడాది పెంచారా?

ఎరువు బదులు బియ్యం కడిగిన నీళ్లట. నిలవ నీళ్లలో గంజి పులిస్తే ఎలా ఉంటుందో వంటింట్లో అడగండి. లెకాలో పోషకాలు ఉండవు. డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు ఎరువు కలిపి పోయండి.

ఐదోది ఇటుక ముక్కలు. దీన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ బాగా కాలిన ఎర్ర ఇటుక నీళ్లు పీలుస్తుంది, చివకదు, ముక్కల మధ్య గాలి ఆడుతుంది. బరువు ఎక్కువ, అంతే. లెకా ధర చూసి వెనకాడేవాళ్లు శనగగింజ కంటే కాస్త పెద్ద ముక్కలు చేసి, పొడి పోయేదాకా కడిగి, ఒక రాత్రి నానబెట్టి వాడండి. బోరు నీళ్లయితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వారానికోసారి పైనుంచి ధారగా పోసి కడిగెయ్యండి.

దేనిలోకి మార్చినా, కొత్త వేరు మొన పచ్చగా తొంగిచూస్తున్నప్పుడే మార్చండి. పిన్నికి నిన్న ఇంకో మొక్క తెచ్చిచ్చాను, రెండు వేర్లు అప్పుడే వస్తున్నాయి.