కారు అమ్మితే మూడేండ్లు, ఇంట్ల పెట్టుకుంటే 90 రోజులేనా?

కారు ఇన్సూరెన్స్‌ల నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే ఏడాదంతా క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంల ఇచ్చే డిస్కౌంట్, దాని రూల్ ఒకటి ఉంది, ఎంత ఆలోచించినా నాకు న్యాయం అనిపించదు. కారు అమ్మేసి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ (మీకు ఎంత డిస్కౌంట్ ఉందో రాసిచ్చే కాగితం) తీసుకుంటే, మూడేండ్ల లోపు ఇంకో కారు కొన్నప్పుడు ఆ డిస్కౌంట్ వాడుకోవచ్చు. అదే మనిషి అదే కారును అమ్మకుండా తాళం వేసి ఇంట్ల పెట్టుకొని రెన్యూవల్ చేయకుంటే, పాలసీ అయిపోయిన 90 రోజులకు డిస్కౌంట్ మొత్తం సున్నా.

రోజూ బండి తీసేటోళ్లకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. దెబ్బ పడేది మన జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్ పోయేటోళ్లకు. రెండేండ్ల కాంట్రాక్ట్ మీద పోతరు, కారేమో షెడ్డుల కవర్ కప్పి ఉంటది, ఇంట్ల నడిపేటోళ్లు ఉండరు, అసలు రోడ్డెక్కని బండికి ఇన్సూరెన్స్ ఎందుకని ఊకుంటరు.

లెక్క చూడండి. క్లెయిమ్ లేకుంటే మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేండ్లకు 50. ఇది ఓన్ డ్యామేజ్ (మన బండికి అయిన నష్టానికి) ప్రీమియం మీదనే, థర్డ్ పార్టీ (మన బండితో ఎదుటోళ్లకు అయిన నష్టానికి) మీద కాదు. ఓన్ డ్యామేజ్ 14,000 అనుకుంటే 50 శాతం ఉన్నోళ్లు 7,000 కడతరు. గ్యాప్ వచ్చి పోయిందంటే మళ్ల 14,000 నుంచి మొదలు, ఆ తర్వాత 11,200, 10,500, 9,100, 7,700, అంటే పాత మెట్టు ఎక్కేసరికి అదనంగా 17,500 పోతయి (ఐడీవీ, అంటే పాలసీల కట్టే బండి విలువ, ఏటా తగ్గుతుంటది కాబట్టి కొంచెం అటూఇటూ). పోనీ రెండేండ్లు రెన్యూవల్ చేసుకుంటూ పోదామంటే, 1,000 నుంచి 1,500 సీసీ కారుకు ఓన్ డ్యామేజ్ 7,000, థర్డ్ పార్టీ 3,416 కలిపి రెండేండ్లకు 20,832, జీఎస్టీ వేరే. ఎటు చూసినా జేబుకు చిల్లే.

అయినా కట్టమనే నేను చెప్తా. 2023 జులై వానలకు వరంగల్ కాలనీలు మునిగినప్పుడు ఇంటి ముందు ఆపిన కార్లల్లకు కూడా నీళ్లొచ్చినయి, ఆ రిపేర్ ఓన్ డ్యామేజ్ ఉంటేనే వస్తది, థర్డ్ పార్టీల రూపాయి రాదు.

కంపెనీల వాదన కూడా తీసిపారేసేది కాదు. ఇన్సూరెన్స్ లేని రోజుల్ల బండి ఎవరు నడిపిన్రో, ఎక్కడ గుద్ది సొంత డబ్బులతో బాగుచేయించిన్రో వాళ్లకెట్ల తెలుస్తది? కానీ గ్యాప్ తర్వాత ఎట్లాగూ ఇన్స్పెక్షన్ చేసే పాలసీ ఇస్తున్నరు కదా. ఆపేటప్పుడు ఒకసారి, మళ్ల తీసుకునేటప్పుడు ఒకసారి ఓడోమీటర్ ఫోటో తీసుకుంటే బండి కదిలిందో లేదో తేలిపోతది. ఇంకోటి, వేరే దేశంల సంపాదించిన ఎన్‌సీబీకి కూడా పాత ఇండియా మోటార్ టారిఫ్‌ల (బండ్ల ఇన్సూరెన్స్ రూల్స్ పుస్తకంల) మూడేండ్ల గడువు ఉంది, అక్కడి పాలసీని నమ్మినోళ్లు ఇక్కడ షెడ్డుల ఉన్న కారును ఎందుకు నమ్మరు? బోనస్ బండిది కాదు, ఓనర్‌ది అని కంపెనీలే చెప్తయి, అయితే గడువు కూడా ఓనర్‌ను చూసే పెట్టాలె. ఇన్సూరెన్స్ కంపెనీలకు రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ ఈ తేడా తీసేయాలె.

అప్పటిదాకా చాలామంది పోగొట్టుకునేది ఇంకోచోట. కొత్త కారుకు 2018 సెప్టెంబర్ నుంచి మూడేండ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది, దాంతో "మూడేండ్ల ఇన్సూరెన్స్ ఉంది" అని నిమ్మళంగ ఉంటరు, ఓన్ డ్యామేజ్ మాత్రం చాలా పాలసీలల్ల ఏడాదికే అయిపోతది, 90 రోజుల లెక్క అప్పటి నుంచే. పైసలు మిగుల్తయని ఉత్త థర్డ్ పార్టీకి మారినా అంతే, అండ్ల ఎన్‌సీబీ నిలవదు.

పోయే ముందు కారు అమ్ముతున్నరా, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీకి తాళాలిచ్చి ఊకోకండి, అమ్మిన కాగితాల జిరాక్స్ పెట్టి ఎన్‌సీబీ లెటర్ రాయించుకోండి. మీ కారు కొనుక్కున్నోళ్ల పేరుకు మీ డిస్కౌంట్ ఎట్లాగూ మారదు, అడగకపోతే మీకూ రాదు.