ట్రయల్స్ దండగట!

ఈ వారంలో ఐదోసారి వచ్చిందా మెసేజ్. "గూగుల్ డాక్టర్ల కంటే ముందే ఫ్లూని పట్టేసింది. ఏ జబ్బు మీద పరిశోధనా పత్రాలు పెరుగుతున్నాయో చూసి, మందు ఎప్పుడొస్తుందో కంప్యూటర్ మోడల్ చెప్పేస్తుంది. అది 95 శాతం కరెక్ట్. ఇంక మందుని మనుషుల మీద ఏళ్ల తరబడి పరీక్షించే ట్రయల్స్ దండగ!" పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

జనం వెతికే పదాల్ని బట్టి ఫ్లూని పసిగట్టే పని గూగుల్ 2008లో మొదలుపెట్టిన మాట నిజమే. 5 కోట్ల సెర్చ్ పదాలను జల్లెడ పట్టి, అమెరికాలో ఫ్లూ కేసులతో పాటు పెరిగి తగ్గే 45 పదాలను ఏరారు. ఆ జల్లెడలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ కూడా పైకి తేలింది! అక్కడ ఆ ఆటలూ చలికాలంలోనే, ఫ్లూ కూడా చలికాలంలోనే మరి. దాన్నయితే పక్కన పెట్టారు కానీ, 2009లో చలికాలం దాటాక వచ్చిన స్వైన్ ఫ్లూ మోడల్‌కి చిక్కలేదు. 2012-13లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు చూపించింది. 2015లో మూసేశారు. మెసేజ్ రాసినాయనకి ఈ కబురు ఇంకా అందలేదేమో.

95 శాతం కరెక్టా? దేంట్లో? పోనివ్వండి.

పత్రాలు పెరిగితే మందు వచ్చేస్తుందా? అల్జీమర్స్ మీద దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నయం చేసే మందేదీ?

అసలు ఒళ్లు మండేది ట్రయల్స్ దండగన్న చివరి మాటకి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ ఎక్కువ తీసుకునేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఒకదాని తర్వాత ఒకటిగా అధ్యయనాలు చెప్పాయి. మీ లెక్కన వెంటనే మాత్రలు పంచేయాలి. ఫిన్లాండ్‌వాళ్లకి అంత తెలివి లేక, పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు విడగొట్టి, కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అవును, ఎక్కువ. అమెరికాలో పొగతాగేవాళ్ల మీద, ఆస్‌బెస్టాస్ పనివాళ్ల మీద ఇలాంటిదే ఇంకోటి జరుగుతుంటే, అక్కడా 28 శాతం ఎక్కువ కనిపించేసరికి 1996లో 21 నెలల ముందే ఆపేశారు. ఆ దండగ పని చేయకపోతే ఈపాటికి పొగతాగే ప్రతివాడి జేబులోనూ ఆ డబ్బా ఉండేది, ఆరోగ్యం కోసమని.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మోడల్ అనగానే నేనూ కొట్టిపారేసేవాణ్ణి, అది తప్పు. 2014లో గూగుల్ లెక్కల్ని ఉతికి ఆరేసిన పరిశోధకులే ఇంకో మాటా రాశారు: ఆ లెక్కనీ, కాస్త ఆలస్యంగా వచ్చే ప్రభుత్వ ఫ్లూ లెక్కనీ కలిపితే, విడివిడిగా కంటే అంచనా మెరుగ్గా వచ్చిందని. ఆ రెండో లెక్క ఎక్కడిదంటారా? రోగుల్ని చూసి, ఫ్లూ లక్షణాలున్నవాళ్లని లెక్కపెట్టి పంపిన డాక్టర్లది. అదే, గూగుల్ కంటే వెనకబడ్డారని మీ మెసేజ్ తీసిపారేసినవాళ్లది.