పొడవు అడగడం అమర్యాద

సాఫ్ట్‌వేర్ రంగంలో మర్యాద అడుగంటిపోతోంది. ఎవరిని కదిపినా హద్దులు చూడాలంటారు, బయటి నుంచి వచ్చిన పేరు ఎన్ని బైట్లుందో ముందే లెక్కపెట్టాలంటారు. గడప దాటకముందే కొలబద్ద పట్టుకుని ఎదురెళ్లే ఈ ధోరణి ఎక్కడికి దారితీస్తుందోనని బెంగగా ఉంది. పెద్దలు అర్ధశతాబ్దానికి పైగా కాపాడుకొచ్చిన, కేటాయించిన చోటు చాలక డేటా పక్క మెమరీలోకి పొర్లిపోయే బఫర్ ఓవర్‌ఫ్లో తరఫున నాలుగు మంచి మాటలు చెప్పేవారే కరవయ్యారు. ఆ భారం నేను మోస్తాను.

ఇది నిన్న మొన్నటి లోపం కాదు. 1972లో అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ రాసిన నివేదికలోనే దీని వర్ణన ఉంది. 1988లో, తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వేల కంప్యూటర్లలోకి దూరడానికి వాడుకున్న దారుల్లో ఇదొకటి. ఆ దారి తెరిచిన సి భాషా ఫంక్షన్ పేరు గెట్స్. ఎంతవరకు చదవాలో దానికి చెప్పే వీలే లేదు, ఇచ్చినంతా పుచ్చుకుంటుంది. దానిని సి ప్రమాణం నుంచి తొలగించారు, 2011లో. తొందరపాటు నిర్ణయాలు తీసుకునే అలవాటు ఈ రంగానికి లేదు.

అయితే ఈ మర్యాద పరాకాష్ఠను చూడాలంటే డేటాబేస్ దగ్గరికే వెళ్లాలి. నలుగురి సొమ్మును, రహస్యాలను కాపాడే సాఫ్ట్‌వేర్ కదా, దానికి ఆ మాత్రం సంస్కారం ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో, ఒకే యంత్రం మీద నడిచే పలు సర్వర్లలో ఏది ఎక్కడుందో చెప్పడానికి 1434 నంబరు పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) దగ్గర ఒక సేవ కూర్చుని ఉండేది. మొదటి బైటులో 4 అని వేసి, వెనకాల ఒక పేరు తగిలించి పంపితే చాలు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. సర్వర్ ఆ పేరును విండోస్ అమరికలు దాచుకునే రిజిస్ట్రీలోని ఒక చిరునామా మధ్యలో ఇరికించి, స్టాక్ అనే తాత్కాలిక మెమరీ మీద తనకున్న కాస్త చోటులో రాసుకునేది. పేరు పొడవెంత? అడగలేదు. ఎలా అడుగుతుంది?

ఆ చోటుకు కొంచెం అవతల రిటర్న్ అడ్రస్ ఉంటుంది. చేతిలో పని ముగిశాక ప్రోగ్రామ్ తిరిగి ఎక్కడికి వెళ్లాలో అక్కడ రాసి ఉంటుంది. పేరు మరీ పొడుగైతే దాని మీదికి కూడా పొర్లి, పాత చిరునామాను చెరిపి కొత్తది రాస్తుంది. సర్వర్ మారు మాట్లాడకుండా ఆ కొత్త చిరునామాకు వెళ్లి, అక్కడ ఏ ఆజ్ఞలుంటే అవి పాటిస్తుంది. ఇంత వినయం మనుషుల్లో చూడగలమా?

డేవిడ్ లిచ్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు ఈ వినయాన్ని అపార్థం చేసుకుని, లోపమని మైక్రోసాఫ్ట్‌కు తెలియజేశాడు. 2002 జూలై 24న దాన్ని సరిదిద్దే ప్యాచ్ విడుదలైంది. చేతులు కాలకముందే ఆకులు అందిన అరుదైన ఘట్టం అది. లోకం ఆ ఆకులను భద్రంగా అటక మీద పెట్టింది. సర్వర్ల నిర్వాహకులను నేను తప్పుపట్టను: ప్యాచ్ వేయాలంటే సర్వర్ ఆపాలి, ఆపితే పైవాళ్లు ఊరుకోరు, ఆపకుండా ఉన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. ఇంకొందరికైతే తమ యంత్రంలో ఆ డేటాబేస్ ఉందన్న సంగతే తెలియదు. వేరే ఏదో సాఫ్ట్‌వేర్ కొంటే దాని కడుపులో ఇదీ వచ్చింది.

ఆరు నెలలు గడిచాయి. 2003 జనవరి 25, శనివారం. స్లామర్ అనే వర్మ్ వచ్చింది. దాని మొత్తం ఒళ్లు 376 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడేసి బైట్లు ఖర్చవుతాయి కనుక, మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం ఒక్కటే, చివరి చుక్క దాకా లెక్కపెడితే, ఆ వర్మ్ కంటే పొడుగు. పంపి ఊరుకునే యూడీపీ పద్ధతిలో ఒక్క ప్యాకెట్‌లో సరిపోయింది, జవాబు కోసం ఆగే పని కూడా లేదు. మొదట్లో 8.5 సెకన్లకోసారి దాని సంతానం రెట్టింపైంది. పది నిమిషాల్లో, దొరకగలిగిన యంత్రాల్లో 90 శాతం దొరికిపోయాయి. కనీసం 75,000 యంత్రాలు. కాస్త నెమ్మదించిందంటే దాని మంచితనం కాదు, నెట్‌వర్కులే కిక్కిరిసి దానికి దారి ఇవ్వలేకపోయాయి.

బ్యాంక్ ఆఫ్ అమెరికాకు చెందిన దాదాపు 13,000 ఏటీఎంలు మొండికేశాయి. ఒహాయోలోని డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రంలో భద్రతా సూచికలు చూపే వ్యవస్థ సుమారు అయిదు గంటలు కళ్లు మూసుకుంది. రియాక్టర్ అప్పటికే ఆగి ఉండటం మన అదృష్టం. ప్యాచ్ రాసిన మైక్రోసాఫ్ట్ సొంత నెట్‌వర్క్‌లోనూ ప్యాచ్ వేయని సర్వర్లు ఈ వర్మ్‌కు స్వాగతం పలికాయి. ఇతరులకు చెప్పిన నీతిని తాను పాటించి పైచేయి చాటుకోవాలని అది చూడలేదు.

వర్మ్ కూడా తక్కువ మర్యాదస్తురాలు కాదు. ఒక్క ఫైలు ముట్టలేదు, ఒక్క పట్టిక చెరపలేదు. మెమరీలోనే ఉండేది, యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే వెళ్లిపోయేది. ప్యాచ్ లేకపోతే కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చేది, అది వేరే విషయం.

ఇది ఒక్క కంపెనీ ఘనత అనుకుంటే మిగతావారికి అన్యాయం చేసినట్లే. తన ఉత్పత్తులు ఛేదించరానివని 2001 చివర్లో మరో డేటాబేస్ కంపెనీ ఒరాకిల్ ప్రచారం మొదలుపెట్టింది. కొద్ది నెలల్లోనే ఓవర్‌ఫ్లోలతో సహా లోపాల చిట్టా బయటికి వచ్చింది, తెచ్చినవాడు మళ్లీ ఆ లిచ్‌ఫీల్డే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మరింత సున్నితమైన అభిరుచి చూపింది. 2019లో సరిదిద్దిన ఒక లోపం ప్రకారం, లాగిన్ అయిన ఏ వాడుకరి అయినా తన పాస్‌వర్డ్‌ను ప్రత్యేకంగా తయారుచేసిన విలువకు మార్చుకుంటే సర్వర్ స్టాక్ పొర్లిపోయేది. తరచూ పాస్‌వర్డ్ మార్చుకోమని భద్రతా నిపుణులు అన్నేళ్లు చెవిలో పోరింది ఇందుకే కాబోలు.

ఇప్పుడు అసలు బాధ. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఎఫ్‌బీఐ కలిసి, ఇలాంటివి క్షమించరాని లోపాలని ప్రకటించాయి. క్షమించరానివా? 1972 నుంచి క్షమించడం తప్ప మనం చేసిందేమిటి? పైగా మెమరీ హద్దులను తామే చూసుకునే భాషలకు మారమని సలహా. పొడవు అడగడం ప్రోగ్రామర్‌కు మర్చిపోయే వీలు కూడా లేకుండా చేయడమన్నమాట.

ఈ రంగానికి లెక్కపెట్టడం చేతకాదని మాత్రం ఎవరూ అపోహపడవద్దు. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు చదవకుండా అంగీకరిస్తామే, ఆ ఒప్పందంలో నష్టపరిహారం నిబంధన తీసి చూడండి. చాలావాటిలో కంపెనీ బాధ్యత మీరు చెల్లించిన ధర దగ్గర ఆగుతుంది. ఆ గడి ఇంతవరకు ఒక్క బైటు కూడా పొర్లలేదు.