నటుడు నవ్వకూడదు: వింత కామెడీలు ఏ వరుసలో చూడాలి?

అతి చేసే వెటకారపు కామెడీలు ఎక్కువగా దెబ్బతినేది ఒకే కారణంతో. తాను జోకులో ఉన్నానని తెర మీది నటుడికి తెలిసిపోతుంది. కళ్లు తిప్పుతాడు, మూతి వంకర పెడతాడు, అక్కడితో నవ్వు ఆగిపోతుంది. పాత్రధారి ఆ వెర్రిని చివరిదాకా నమ్మిన సినిమాలే ఏళ్ల తరబడి నిలిచాయి.

అందుకే మొదట ‘ఎయిర్‌ప్లేన్!’ (1980) చూడండి. దర్శకులు జుకర్ సోదరులు, జిమ్ అబ్రహామ్స్ కలిసి ‘జీరో అవర్!’ (1957) అనే సీరియస్ విమాన కథ హక్కులు కొని, దాదాపు ఆ కథనే మళ్లీ తీశారు. చేపల భోజనం తిని పైలట్లు పడిపోవడం, యుద్ధ జ్ఞాపకాలతో నలిగిపోయిన మాజీ పైలట్ విమానాన్ని దించాల్సి రావడం అన్నీ అందులోవే. లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్ అప్పటికి గంభీరమైన పాత్రలకు పేరుపడ్డవాళ్లు. అడ్డదిడ్డమైన మాటల్ని అదే గాంభీర్యంతో పలుకుతారు. ఎల్మర్ బెర్న్‌స్టీన్ నేపథ్య సంగీతం కూడా అచ్చమైన మెలోడ్రామాకు ఇచ్చినట్టే ఉంటుంది. శ్లేషలు ఎక్కువ కాబట్టి డబ్బింగ్ జోలికి పోవద్దు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పాత్రల వెనక జరిగేదాని మీదా ఓ కన్నేసి ఉంచాలి.

తెలుగులో ఈ పట్టు ‘కొబ్బరిమట్ట’ (2019)లో ఉంది. పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయిడు అంటూ మూడు పాత్రలూ సంపూర్ణేష్ బాబువే. మూడు నిమిషాలు దాటి ఏకబిగిన సాగే ఆ డైలాగు చూడండి, ఎక్కడా నవ్వు తొణకదు. దీనికి ముందు ‘పెదరాయుడు’ (1995) తప్పకుండా చూడాలి. రజనీకాంత్ పాపారాయుడి ఠీవి, మోహన్‌బాబు తీర్పుల బరువు మనసులో ఉంటేనే దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. తమిళ ‘తమిళ్ పడం’ (2010)కు రీమేకైన ‘సుడిగాడు’ (2012) బాగా నవ్విస్తుంది గానీ, ఒక సినిమా తర్వాత ఇంకో సినిమాను అనుకరిస్తూ పోతుంది. ఆ మూలాలు చూడనివాళ్లకు సగం జోకులు అందవు. అడుగున గట్టి కథ ఉన్న పేరడీకే ఆయుష్షు ఎక్కువ.

ఆ మాటకు మన దేశంలో దొరికే గొప్ప రుజువు కుందన్ షా తీసిన ‘జానే భీ దో యారో’ (1983). ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బుతో, చాలా తక్కువ ఖర్చులో తయారైంది. బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్, కూలిన ఫ్లైఓవర్, వీటి మధ్య ఇద్దరు అమాయక ఫొటోగ్రాఫర్లు. శవంతో సహా అందరూ మహాభారత నాటకం స్టేజీ ఎక్కే ఘట్టంలో ప్రతివాడికీ తన గొడవ ప్రాణసంకటమే, నవ్వంతా దాంతోనే పుడుతుంది. చివరి షాట్ గురించి ముందుగా ఎవరికీ చెప్పకండి. ఆ షాట్ వల్లే ఇది సెటైర్‌గా నిలబడింది.

పాత హారర్ సినిమాలను వెటకరించే మ్యూజికల్ ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ (1975) ఒంటరిగా ఫోన్‌లో చూస్తే చప్పగా తోస్తుంది. విడుదలలో దెబ్బతిన్న ఈ సినిమాను 1976 నుంచి న్యూయార్క్ వేవర్లీ థియేటర్ మిడ్‌నైట్ షోలు బతికించాయి. వాన సీను రాగానే జనం తలమీద పేపర్లు పెట్టుకుంటారు, తెర మీది మాటలకు ఎదురు జవాబులు అరుస్తారు. ఇంట్లోనైతే కనీసం ఐదారుగురు ఉండాలి, పాటలకు సౌండ్ పెంచాలి.

అమెరికన్ దర్శకుడు జాన్ వాటర్స్ సినిమాల్లో చాలామంది నేరుగా ‘పింక్ ఫ్లమింగోస్’ (1972)కు వెళ్లి, మళ్లీ ఆయన పేరెత్తరు. ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు డివైన్ నిజంగానే కుక్క మలం నోట్లో పెట్టుకునే సినిమా అది. ముందు ‘హెయిర్‌స్ప్రే’ (1988) చూడండి. 1962 నాటి బాల్టిమోర్‌లో టీవీ డాన్స్ షోలోకి నల్లజాతి పిల్లల్ని రానివ్వని పద్ధతి మీద పోరాటం, హీరోయిన్ తల్లిగా అదే డివైన్. ఇందులో పిల్లలతో కలిసి చూడలేనిదంటూ పెద్దగా ఏమీ లేదు. ఇది నచ్చితే ‘సీరియల్ మామ్’ (1994), ఆ తర్వాతే ‘పింక్ ఫ్లమింగోస్’, అదీ భోజనానికి చాలా ముందు.