గైడ్ కెమెరాకి ఫోకస్ అక్కర్లేదంట! ఎవరు చెప్పారయ్యా మీకు?

కావలి కుర్రాడొకడు కొత్తగా గైడ్ స్కోపు కొన్నాడు. అంటే, ఆకాశం ఫొటోలు తీసే పెద్ద టెలిస్కోపు మీద బిగించే బుల్లి టెలిస్కోపు. దాని వెనకున్న గైడ్ కెమెరాలో చుక్క పక్కకి జరిగితే, సాఫ్టువేరు మౌంటుని (టెలిస్కోపుని తిప్పే మోటారు స్టాండుని) దిద్దుతుంది. తెర మీద చుక్కలన్నీ ఉబ్బిపోయి కనిపిస్తుంటే ఏం చెయ్యాలని అడిగాడు. దానికి, ఆకాశాన్ని గుత్తకు తీసుకున్న ఒక పెద్దమనిషి సెలవిచ్చింది ఏందంటే: "గైడ్ కెమెరాకి ఫోకస్ ఎందుకబ్బయా! కొంచెం మసగ్గా ఉంటేనే మంచిది, వదిలెయ్." వాడు వదిలేశాడు. రాత్రంతా తీసిన ఫొటోల్లో నక్షత్రాలు గీతలైపోయాయి. ఇప్పుడు మౌంటు చెడిపోయిందని అమ్మకానికి పెడతాడంట. ఒళ్లు మండదా?

మసగ్గా ఉండాలన్న మాటకి ఒక కారణం ఉంది, కాదనను. చుక్క ఒక్క పిక్సెల్లోనే ఇరుక్కుంటే దాని నడిమధ్య ఎక్కడో సాఫ్టువేరు లెక్క కట్టలేదు. కానీ మనోళ్లు వాడే 30 మి.మీ. లెన్సు, 120 మి.మీ. ఫోకల్ లెంగ్తు బుల్లి స్కోపుకి అంత పదును ఎక్కడిది? 3.75 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా పెడితే ఒక్కో పిక్సెల్ 6.4 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే ముతకే. చవక లెన్సులో రంగులన్నీ ఒకచోట కలవవు. పైగా ఫిల్టర్ లేని మోనో (నలుపు-తెలుపు) కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా లాక్కుంటుంది. ఎంత కుదురుగా ఫోకస్ చేసినా చుక్క రెండు మూడు పిక్సెళ్ల మీద పరుచుకునే ఉంటుంది. దాని మీద మళ్లీ మీ చేత్తో మసక పుయ్యాలా?

ఫోకస్ తప్పితే చుక్క వెలుగంతా పది పిక్సెళ్లకి చెదిరిపోయి, ఒక్కోదానికి వచ్చేది కెమెరాలో పుట్టే గరుకులో, అదే నాయిస్‌లో, కలిసిపోతుంది. ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే చుక్క వెలుగు ఎంతో చెప్పే అంకె) పడిపోతుంది. సన్న చుక్కలు మాయం. పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్టువేరు ఇప్పుడు ఒకేసారి చాలా చుక్కల్ని పట్టుకుని సగటు తీస్తుంది గదా, ఆ సదుపాయం మొత్తం గోవిందా. మిగిలిన ఒకటీ అరా చుక్కల నడిమధ్య నాయిస్ వల్ల అటూ ఇటూ ఊగుతుంటే, లేని తప్పుని దిద్దడానికి మౌంటు పరిగెత్తుతుంది.

అన్నిటికంటే మంట పుట్టించేది హాట్ పిక్సెల్, అంటే వెలుగు పడకపోయినా మెరుస్తూ ఉండే పిక్సెల్. తెరంతా మసగ్గా ఉన్నప్పుడు పదునుగా మెరిసేది అదొక్కటే, సాఫ్టువేరు దాన్నే చుక్క అనుకుంటుంది. పాత కాలిబ్రేషన్ (మౌంటు ఎటు, ఎంత కదులుతుందో ముందే కొలిచిపెట్టిన లెక్క) వాడుతుంటే, తప్పు ఎంతో చూపించే గ్రాఫు తాడు లాగినట్టు తిన్నగా వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి "నా గైడింగ్ చూడండి" అని పెట్టే వీరులు, కింద చప్పట్లు! అనుమానమొస్తే మౌంటు బటన్ ఒక్కసారి నొక్కండి. చుక్క కదులుతుంది, హాట్ పిక్సెల్ కదలదు. డార్క్ లైబ్రరీ (మూత పెట్టి తీసిన ఫొటోలు, వాటితో సాఫ్టువేరు హాట్ పిక్సెళ్లని తీసేస్తుంది) తీసి పెట్టుకుంటే ఈ పీడ చాలావరకు వదులుతుంది.

ఇంతకీ ఆ పని ఎంతసేపు? పగలు మిద్దె మీద నుంచి కిలోమీటరుకి తగ్గకుండా దూరంలో ఉన్న సెల్ టవరు చూసుకోండి (సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు). కెమెరా బొమ్మ చూపించే షార్ప్‌క్యాప్ సాఫ్టువేరులో గెయిన్ (వెలుగుని పెంచి చూపించే సెట్టింగు) సున్నా, ఎక్స్‌పోజర్ ఒక మిల్లీసెకను లేదా ఇంకా తక్కువ. తెర తెల్లగా కనపడితే కెమెరా చెడిందని ఏడవొద్దు, ఎక్స్‌పోజర్ తగ్గించండి. పక్కింటి నీళ్ల ట్యాంకు మీద ఫోకస్ చేసేవాళ్లకో దండం. 50 మీటర్ల దూరానికీ నక్షత్రాలకీ ఈ స్కోపులో ఫోకస్ పట్టే చోటులో తేడా 0.29 మి.మీ., ఎఫ్/4 (120ని 30తో భాగిస్తే వచ్చేది) ఒప్పుకునేది అటూ ఇటూ సుమారు 0.02 మి.మీ. కిలోమీటరు దూరమైతే తేడా 0.014 మాత్రమే.

ఎంత తిప్పినా ఫోకస్ రాకపోతే కెమెరాని గొట్టంలోంచి కొంచెం కొంచెం బయటికి లాగండి. బొమ్మ తేరుకుంటుంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబు కావాలన్నమాట. కొన్ని స్కోపులు డయాగ్నల్ (చూపుని పక్కకి తిప్పే అద్దం ముక్క) పెట్టుకుని చూసేలా చేస్తారు, అది తీసేస్తే ఆ పొడవు తగ్గిపోతుంది. ఆ ట్యూబు ముక్క డబ్బాలో పెట్టకుండా "కంప్లీట్ కిట్" అని అమ్మేవాళ్లని ఏమనాలి?

నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది గానీ, మధ్యాహ్నం పట్టిన ఫోకస్ రాత్రికి పనికిరాదు. 10 డిగ్రీలు చల్లబడితే 120 మి.మీ. అల్యూమినియం గొట్టం దాదాపు 0.03 మి.మీ. ముడుచుకుంటుంది. అందుకని సామాను అరగంట బయట పెట్టి, పీహెచ్‌డీ2లో రెండు సెకన్ల లూపింగ్ (వరసగా ఫొటోలు తీస్తూ పోవడం) పెట్టి, స్టార్ ప్రొఫైల్ (చుక్క వెలుగు ఎలా పరుచుకుందో చూపించే గీత) తెరవండి. మరీ వెలిగే చుక్క వద్దు. ప్రొఫైల్ తల తెగి బల్లపరుపుగా కనిపిస్తే అది నిండిపోయిందని అర్థం. ఫోకసర్‌ని ఒకే వైపు వెంట్రుకవాసి తిప్పండి, చెయ్యి తీసెయ్యండి, నాలుగైదు ఫ్రేములు చూడండి. హెచ్‌ఎఫ్‌డీ (చుక్క వెలుగులో సగం పట్టే వలయం వెడల్పు) తగ్గుతూ పోయి మళ్లీ పెరగడం మొదలెడితే వెనక్కి రండి. ఫోకసర్ లాక్ బిగించాక మళ్లీ చూడండి, ఆ మర బిగింపుకే కెమెరా పక్కకి ఒరుగుతుంది. యూఎస్‌బీ కేబుల్‌ని వేలాడనీకుండా గొట్టానికి కట్టెయ్యండి.

మైపాడు, కొత్తపట్నం వైపు వాళ్లకి ఇంకొకటి. మొదట బాగుండి గంట తర్వాత ఎస్‌ఎన్‌ఆర్ నెమ్మదిగా దిగిపోతుంటే ఫోకసర్ జోలికి పోవద్దు, టార్చి వేసి ముందున్న లెన్సు చూడండి. మంచు పట్టి ఉంటుంది. యూఎస్‌బీ హీటర్ పట్టీ చుడితే సరి.

అసలు రోగం ఏందంటే, ఎక్కడో చలిదేశాల వాళ్ల సలహాలు ఎత్తుకొచ్చి ఇక్కడ వడ్డించడం. మౌంటు ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి గదా, వాళ్లకి అది సగం ఆకాశం ఎత్తున ఉంటుంది. నెల్లూరులో దాదాపు 14 డిగ్రీలు, ఒంగోల్లో 15 పైన, అంతే. ఆ ఎత్తున మనకుండేది దుమ్ము, కొబ్బరి మట్టలు, ఎవరింటి సోలార్ హీటరో. మౌంటుని అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ (సరితూకపు బరువు) కడ్డీ ట్రైపాడ్ కాలికి తగిలే రకాలున్నాయి, ఆ ముక్క ఏ వీడియోలోనూ చెప్పరు. "అక్టోబరు, నవంబరు మంచి సీజన్" అంట! ఈశాన్య రుతుపవనాలు మా నెత్తిన కురిసేదే అప్పుడు. ధ్రువ నక్షత్రం కనపడకపోతే డ్రిఫ్ట్ అలైన్‌మెంట్ (చుక్క ఎటు జారుతుందో చూసి ఇరుసుని సరిచెయ్యడం) చేసుకోవాలి, దానికీ గైడ్ కెమెరానే దిక్కు. దాన్నేమో మసగ్గా వదిలెయ్యమంటారు.

ఆ కుర్రాడికి చెప్పాను, మౌంటు అమ్మొద్దని. మిగతావాళ్లు కూడా "గైడింగ్ రావట్లేదన్నా" అని అడిగేటప్పుడు గ్రాఫు ఒక్కటే పంపొద్దు. స్టార్ ప్రొఫైల్ కూడా పెట్టండి, హెచ్‌ఎఫ్‌డీ అంకె కనపడాల. లేదంటే పోయి ఆ పెద్దమనిషినే అడుక్కోండి.