పొగ చూసి ఇంజిన్‌కి జాతకం చెప్పే మహానుభావులకు

ఇప్పుడే మెకానిక్ వచ్చి వెళ్ళాడు. ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

లాన్ ట్రాక్టర్ (మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) స్టార్ట్ చేయమన్నాడు, చేశాను. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చింది. అంత దూరంలో చేతులు కట్టుకుని నిలబడి, "రింగులు పోయాయి సార్, ఇంజిన్ బోరుకొచ్చేసింది. విప్పడం దండగ, కొత్త ఇంజిన్ వేసేద్దాం" అన్నాడు. అంతే. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి, బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అది అరిగిపోయిందని ఆయన తీర్పు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీయలేదు, ప్లగ్గు విప్పలేదు, చేతికి మసి కూడా అంటలేదు. పక్కనే మా బావ, "నేనెప్పుడో చెప్పాను, వింటేగా" అని తలాడించడం. ఆయన సంగతి తర్వాత చెప్తా.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని. అంతవరకే. ఆ ఆయిల్ ఏ దారిన సిలిండర్‌లోకి దూరిందో పొగ చెప్పదు, వెతకాలి. గుర్తు దాటి ఆయిల్ పోసినా ఇదే పొగ. ఇంజిన్ లోపలి గాలి ఒత్తిడిని వదిలే బ్రీదర్ పాడైనా ఇదే పొగ. వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ ఆడే గొట్టం) అరిగినా ఇదే పొగ. కార్బురేటర్‌లో పెట్రోలుని ఆపే నీడిల్ సరిగ్గా మూసుకోక రాత్రంతా పెట్రోలు కారి కిందున్న ఆయిల్‌లో కలిసినా ఇదే పొగ. ఆ చివరిది పట్టుకోవడానికి చదువు కూడా అక్కర్లేదు. డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ఆయిల్ మట్టం గుర్తుకి పైన ఉంటుంది. నా ఇంజిన్‌కి ఆ రోగం లేదని నాకు తెలుసు, ఎందుకంటే నేను తీసి చూశాను. ఆయన చూడలేదు.

వీటన్నిటికంటే దొంగ జబ్బు హెడ్ గాస్కెట్‌ది, అంటే సిలిండర్‌కీ దాని మూతకీ (హెడ్డు) మధ్య ఉండే పొర. ఈ సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్లలో సిలిండర్‌కీ వాల్వుల్ని తెరిచే పుష్‌రాడ్లు ఆడే సందుకీ మధ్య గాస్కెట్ సన్నటి పట్టీలా ఉంటుంది. చాలావాటిలో కాలేది సరిగ్గా అక్కడే. కాలిందా, సిలిండర్‌లో పేలిన గాలి ఆ సందులోంచి కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. అక్కడి ఆయిల్‌ని బ్రీదర్ గుండా పైకి తోస్తుంది. ఆ ఆయిల్ కార్బురేటర్ దారిన మళ్ళీ సిలిండర్‌లోకే వచ్చి కాలుతుంది. బయటికి చూస్తే అచ్చం రింగులు పోయిన ఇంజినే. పొగ అదే, ఆయిల్ తాగడం అదే, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం అదే. మందు మాత్రం ఒక గాస్కెట్, కొన్ని బోల్టులు, ఒక పూట పని. దానికి ఇంజిన్ మొత్తం మార్చమంటారు. ఎద్దు పుండు కాకికి ముద్దా!

ఇంతకుముందు వచ్చిన మేధావి ఈయనకంటే నయం, కనీసం కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) తెచ్చాడు. ప్లగ్గు విప్పి గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టి, "చూడండి, కంప్రెషన్ లేనే లేదు" అని ముల్లు నా మొహం ముందు పెట్టాడు. అయ్యా, ఈ ఇంజిన్లలో క్యామ్ (వాల్వుల్ని ఆడించే కడ్డీ) మీద కంప్రెషన్ రిలీజ్ అని ఒకటి ఉంటుంది. సెల్ఫ్ తేలిగ్గా తిరగడం కోసం స్టార్టింగ్‌లో వాల్వ్‌ని కొద్దిగా తెరిచే ఉంచుతుంది. బాగున్న ఇంజిన్‌కి కూడా గేజ్ తక్కువే చూపిస్తుంది. ఈ ఇంజిన్ల మీదే బతుకుతూ ఆ ముక్క తెలియకపోతే ఎలా? ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ కొసకీ దాన్ని నొక్కేదానికీ మధ్య సందు) పెరిగితే ఈ రిలీజ్ పనిచేయదు, సెల్ఫ్ సగం తిరిగి బిగుసుకుపోతుంది. అప్పుడు మనవాళ్ళు బ్యాటరీ మార్పిస్తారు, తర్వాత సెల్ఫ్ మోటార్ మార్పిస్తారు. నా ఇంజిన్‌కి ఇన్‌టేక్ గ్యాప్ 0.003 నుంచి 0.005 అంగుళాలు, ఎగ్జాస్ట్‌కి 0.005 నుంచి 0.007. ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) పెట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది? కానీ ట్యాపెట్లు సెట్ చేస్తే బిల్లు ఏం లేస్తుంది పాపం.

ఇంకొందరు ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ చూడమంటారు, పెరిగితే రింగులేనట. నిలబడి ఉన్న సిలిండర్‌కి ఆ లెక్క సరే. లాన్ ట్రాక్టర్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) నిలువుగా ఉంటుంది, అంటే సిలిండర్ పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ ఒక పక్కకి చేరుతుంది తప్ప పిస్టన్ చుట్టూ ఎందుకు పరుచుకుంటుంది?

లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి. నేను చేశాను. పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైదాకా తెచ్చి, క్రాంక్ తిరగకుండా గట్టిగా పట్టుకుని (వేళ్ళు జాగ్రత్త, గాలి పట్టగానే బ్లేడు తిరగబోతుంది, డెక్, అంటే కింద బ్లేడు ఉండే పెట్టె, దాని బెల్ట్ తీసేసి చేయండి), ప్లగ్గు కన్నంలోంచి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్. నాది డిప్‌స్టిక్ గొట్టంలో బుస్సుమంది. అంటే రింగులైనా కావాలి, నేను పైన చెప్పిన గాస్కెట్ అయినా కావాలి. రెంటికీ గాలి అక్కడికే వస్తుంది. హెడ్డు దించితే తప్ప తేలదు. ఇదే మాట మెకానిక్‌తో అంటే, "అంత లేబర్ పెట్టుకోవడం ఎందుకు సార్" అన్నాడు. నా బండి, నా హెడ్డు, ఆయనకెందుకంత బాధ?

సరే, రింగులే అనుకుందాం. బోరు మీద గీతలు లేకపోతే, కొలిస్తే లెక్కలో ఉంటే, హోనింగ్ చేసి (బోరు గోడని సన్నగా రాపాడించి) కొత్త రింగులు వేసి, వాల్వులు గ్రైండింగ్ పేస్ట్‌తో కూర్చోబెడితే మళ్ళీ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. క్రాంక్ పిన్ గీసుకుపోయినా, రాడ్ విరిగి కేసింగ్‌కి కన్నం పెట్టినా, అల్యూమినియం బోరు బాగా అరిగి ఓవర్‌సైజ్ పిస్టన్ దొరక్కపోయినా నేనే చెప్తా కొత్తది వేయమని. కొలిచాక చెప్తా. మైక్రోమీటర్ పెట్టకుండా "అయిపోయింది" అనే మాట నాకు పడదు.

ఇక "కొత్త ఇంజిన్ అంటే నాలుగు బోల్టులే సార్" అనే బ్యాచ్. ఆ నాలుగు బోల్టుల కథ వినండి. షాఫ్ట్ 1 అంగుళం మందం ఉంటే సరిపోదు, పొడవు కూడా కలవాలి. చాలా ట్రాక్టర్లలో 3-5/32 అంగుళాలు ఉంటుంది, పొట్టిది వస్తే పుల్లీ, బ్లేడు క్లచ్ రెండూ పట్టవు. ఎగ్జాస్ట్ ఇంకో పక్కకి ఉంటే పాత సైలెన్సర్ పనికిరాదు. చార్జింగ్ తక్కువ ఆంప్స్‌ది వస్తే ఎలక్ట్రిక్ క్లచ్ వేసినప్పుడల్లా బ్యాటరీ దిగిపోతుంది. వైరింగ్ ప్లగ్గు కలవదు, థొరెటల్ కేబుల్ అందదు. ఇవన్నీ ఇంజిన్ డబ్బాలోంచి తీశాక బయటపడతాయి, వాపసు ఇద్దామంటే డబ్బా విప్పేశారు కదా అంటారు.

పైగా "కొత్తది ఇంకా ఎక్కువ హార్స్‌పవర్" అట. స్టిక్కర్ మీద హార్స్‌పవర్ గురించి నా దగ్గర ఎవరూ మాట్లాడకండి. లాన్‌మోవర్ ఇంజిన్ల హార్స్‌పవర్ ఎక్కువ చేసి రాస్తున్నారని అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీల మీద వేసిన దావా 2010లో 6.5 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. ఆ స్టిక్కర్ చూపించి నాకు బేరం చెప్తున్నారు.

ఇప్పుడు బావ దగ్గరికి వద్దాం. "ఎన్నాళ్ళు లాగుతావురా ఈ డొక్కు బండిని" అంటున్నాడే, ఆ బండిని డొక్కు చేసింది ఎవరు? పోయిన వేసవిలో రెండు రోజులని తీసుకెళ్ళి సీజనంతా ఉంచుకున్నది ఎవరు? మోకాలెత్తు తడిగడ్డిని డెక్ పూర్తిగా దించేసి, వాలు మీద అడ్డంగా కోశాడు. చాలా మాన్యువల్స్‌లో 15 డిగ్రీలకు మించిన వాలు మీదకి తీసుకెళ్ళొద్దని రాస్తారు. మాన్యువల్ చదివే బావలు ఉంటారా?

తిరిగొచ్చాక ఫ్లైవీల్ మీద కవర్ విప్పాను. ఇది గాలితో చల్లారే ఇంజిన్, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య గాలి ఆడకపోతే ఉడికిపోతుంది. ఆ రెక్కల మధ్య సందు అనేదే కనబడలేదు. గడ్డి, దుమ్ము, ఆయిల్ కలిసి గట్టిపడిపోయి ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు పొరలుగా ఊడొచ్చింది. డిప్‌స్టిక్ తీస్తే కొసకి మాత్రం తడి. అడిగితే, "సౌండ్ బాగానే ఉందిగా, ఆయిల్ కూడా చూడాలా?" అన్నాడు. గాస్కెట్ కాలడానికైనా రింగులు అరగడానికైనా ఇంతకంటే మంచి రోజులు ఆ ఇంజిన్ చూడలేదు. చుట్టాలందరి దగ్గరా మాత్రం "వాడి బండి పాతది, మధ్యలో ఆగిపోతుంది" అని ప్రచారం. అక్క మొహం చూసి ఊరుకున్నా. అంతకుముందు డ్రిల్ మెషీన్ తీసుకెళ్ళి చక్ తాళం పోగొట్టినప్పుడూ ఊరుకున్నా. అదేమంటే "చిన్నదానికి లెక్కలేంట్రా" అన్నాడు. ఆ చిన్నది లేకుండా డ్రిల్‌కి బిట్ ఎలా బిగిస్తారో చూపించమంటే టీవీ సౌండ్ పెంచాడు.

ఆదివారం హెడ్డు దించుతున్నా. గాస్కెట్ పుష్‌రాడ్ల వైపు కాలి ఉంటే ఫోటో పెడతా, మెకానిక్‌కి కూడా పంపిస్తా. బోరు మీద గీతలు ఉంటే అదీ పెడతా, కొత్త ఇంజిన్ మాట అప్పుడు. ఈలోగా టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగువో కొలుస్తూ బిగించేది) ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క పూటకి ఇవ్వండి, హెడ్ బోల్టులకి కావాలి, చిన్న సైజుది. నాకు లేక కాదు, నాది బావ దగ్గర ఉంది.