తల్లిని చూపించని చోట కుక్కపిల్లను కొనొద్దు

వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ తిరిగే ప్రకటనే ఇది. తెల్లని బొచ్చు, మెడలో ఎర్ర రిబ్బను, అరచేతిలో ఇమిడిపోయే కుక్కపిల్ల. కింద 'టాయ్ పామ్ క్రాస్, 40 డేస్, ఫస్ట్ వ్యాక్సిన్ డన్, హోమ్ డెలివరీ' అని రాసి ఉంటుంది. పిల్లలు ఫోన్ లాక్కుని మరీ చూస్తారు, సాయంత్రానికల్లా అడ్వాన్సు వెళ్లిపోతుంది. ఆ ప్రకటనలోనే నిబంధనల ఉల్లంఘన ఉందని కొనేవాళ్లకు తట్టదు. ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. '40 డేస్' అని ధైర్యంగా రాసుకుంటున్నారంటే అడిగేవాడు లేడన్న ధీమాయే కారణం.

అమ్మేవాడి తొందర వెనుక లెక్క ఉంది. నెలా పది రోజుల పిల్ల బొమ్మలా ఉంటుంది, ఇట్టే అమ్ముడుపోతుంది. ఇంకో రెండు మూడు వారాలు ఉంచుకుంటే తిండి ఖర్చు, నట్టల మందు, టీకాలు తన నెత్తిన పడతాయి. ఈలోగా పార్వో సోకి పిల్లలు చనిపోతే ఆ నష్టమూ తనదే. ముందే అమ్మేస్తే అదంతా కొన్నవాళ్ల ఖాతాలోకి పోతుంది. పార్వో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందుకే తెచ్చినరోజు గెంతులేసిన పిల్ల నాలుగో రోజున తిండి మానేస్తుంది. వాంతులు, ఆ తర్వాత రక్తవిరేచనాలు. సెలైన్లు ఎక్కిస్తూ ఆస్పత్రి చుట్టూ తిరిగే ఇంటికి అమ్మినవాడి ఫోన్ స్విచ్చాఫ్ అని వినిపిస్తుంది. ఇంత చేసినా అది బతుకుతుందన్న భరోసా ఉండదు. ఆ రెండు మూడు వారాల్లో పిల్ల నేర్చుకోవాల్సినదీ చాలా ఉంటుంది. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది తెలుసుకునేది తల్లి దగ్గరా, తోబుట్టువుల మధ్యే. ముందే విడదీసిన పిల్ల పెద్దయ్యాక అయినదానికీ కానిదానికీ మొరుగుతుందని, చేతులు కొరుకుతుందని యజమానులు విసుక్కుంటారు.

ఇక 'క్రాస్', అంటే రెండు జాతులు కలిపి పుట్టించిన పిల్లల సంగతి. మాల్టీస్, పూడుల్ కలిపితే మాల్టీపూ, కవాలియర్, పూడుల్ కలిపితే కావాపూ అంటున్నారు. షిట్జు క్రాస్, పామ్ (పొమెరేనియన్) క్రాస్ మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నవే. ఈ ఫ్యాషన్‌కు ఊపు తెచ్చింది ఆస్ట్రేలియాలో 1980ల చివర్లో లాబ్రడార్, పూడుల్ కలిపి పుట్టించిన లాబ్రడూడుల్. చూపు లేని ఒక మహిళకు గైడ్ డాగ్ కావాల్సి వచ్చింది, ఆమె భర్తకేమో కుక్క బొచ్చు పడదు. వారి కోసం ఆ ప్రయోగం చేసిన వాలీ కాన్రన్, తర్వాత మొదలైన వ్యాపారం చూసి, ఆ పని చేసినందుకు బాధపడుతున్నానని బహిరంగంగానే చెప్పారు. వ్యాపారం మాత్రం ఆగలేదు.

క్రాస్ పిల్ల అయితే రోగాలు రావని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. తల్లికీ తండ్రికీ వేర్వేరు లోపాలుంటే పిల్లలు వాటిని తప్పించుకోవచ్చు. ఇద్దరిదీ ఒకే లోపమైతే కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు. పామ్, మాల్టీస్, చిన్న పూడుల్, చివావా అన్నింటిలోనూ మోకాలి చిప్ప పక్కకు జారే సమస్య తరచుగా కనిపిస్తుంది. వీటిలో ఏ రెండింటిని కలిపినా ఆ ముప్పు అలాగే ఉంటుంది. 'టీకప్' అని అమ్మే మరీ చిన్న పిల్లల్లో ఒక పూట తిండి తప్పితే చాలు, రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. షిట్జు పోలిక వచ్చిన చప్పిడి ముక్కు పిల్ల విజయవాడ, రామగుండం ఎండలకు ఎలా తట్టుకుంటుందో కొనేముందే ఆలోచించుకోవాలి. ఏసీ గదిలో పెడతామంటే సరిపోదు, కరెంటు పోయే రోజూ ఒకటుంటుంది.

మేలుజాతి కుక్కకైతే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలు ఉంటాయి, వంశం ఏమిటో రాసి ఉంటుంది. రెండు జాతులు కలిసిన పిల్లకు ఆ పత్రాలు రావు. 'కేసీఐ పేపర్లు ఇస్తాం, ఐదు వేలు ఎక్స్‌ట్రా' అంటూ క్రాస్ పిల్లను అమ్మజూపేవాడు అబద్ధంతోనే బేరం మొదలుపెట్టాడన్నమాట. మన ఊళ్లలో పామ్ పేరిట దశాబ్దాలుగా తిరుగుతున్నవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అది తక్కువ కుక్కేమీ కాదు, మన వాతావరణానికి బాగా అలవాటు పడింది కూడా. కానీ దానికి విదేశీ పేరు తగిలించి మూడు రెట్ల ధర గుంజడం మోసమే.

కాగితం అక్కరకు రానప్పుడు మిగిలేది కంటితో చూసుకోవడమే. పిల్ల పుట్టిన చోటికే వెళ్లండి, తల్లిని చూడండి అన్నది మా మొదటి మాట. మెట్రో స్టేషన్ కిందో పెట్రోల్ బంకు దగ్గరో బుట్టలో పెట్టి ఇచ్చే పిల్లను తీసుకోవద్దు. 'తల్లి ఊళ్లో ఉంది', 'కొత్తవాళ్లను చూస్తే కరుస్తుంది', 'మీకెందుకు శ్రమ, మేమే తెచ్చిస్తాం' అనే సాకులు వినగానే వెనక్కి వచ్చేయాలి. కొందరు ఏదో ఒక ఆడకుక్కను తెచ్చి ఇదే తల్లి అని చూపిస్తారు. నిజంగా పాలిస్తున్న తల్లికి చన్నులు సాగి కనిపిస్తాయి, పిల్లలు దాని పొట్ట కిందికి దూరడానికి ఎగబడతాయి. బొచ్చు కొంత రాలినా, కాస్త చిక్కినా అది పాలిచ్చే తల్లికి మామూలే. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నా, మనిషి చెయ్యెత్తితే ముడుచుకుపోతున్నా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వేరే చెప్పనక్కర్లేదు. అది ఎన్నో ఈత అని అడగండి. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో ఐదుకు మించకూడదన్నది నిబంధన. తడుముకోకుండా తేదీతో సహా చెప్పగలిగినవాడు లెక్క రాసుకుంటున్నాడని అర్థం.

టీకా పుస్తకం తెరిచి చూడటానికి మొహమాటపడొద్దు. టీకా వేసినప్పుడు మందు సీసా మీది స్టిక్కరును ఊడదీసి పుస్తకంలో అంటిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన తేదీ, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. స్టిక్కరు లేకుండా పెన్నుతో 'డన్' అని రాసి టిక్కు పెట్టి ఉంటే ఆ టీకా పడిందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పడినా మొదటి డోసుతో పని అయిపోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు వేయించాలి, రేబిస్ టీకా వేరు. వయసు మీద అనుమానం వస్తే నోరు తెరిచి చూడమని పశువైద్యుణ్ణి అడగండి. ఎనిమిది వారాల పిల్లకు 28 పాలపళ్లూ దాదాపుగా వచ్చేసి ఉంటాయి.

బాధ్యత గల పెంపకందారును పోల్చుకోవడానికి ఇంకో గుర్తు, అతడు మనల్ని ప్రశ్నలతో వేధిస్తాడు. అపార్ట్‌మెంటా, సొంతిల్లా, పగలు ఇంట్లో ఎవరుంటారు, బదిలీ అయితే ఏం చేస్తారు అని ఆరా తీస్తాడు. అవసరమైతే వెనక్కి నాకే ఇవ్వండి, రోడ్డున మాత్రం వదలకండి అంటాడు. 'ఏ కలర్ కావాలి సార్, ఏ బ్రీడ్ అయినా తెప్పిస్తాం' అనేవాడు పెంపకందారు కాదు, దళారీ. మొదటివాడి ప్రశ్నలకు చిరాకు పడి రెండోవాడి దగ్గరికి పోయేవాళ్లు మనలోనే ఎక్కువ. ఆ చిరాకు మీదే దళారీ బతుకుతున్నాడు.

ఇరుకు బోనులో నీరసంగా పడి ఉన్న పిల్లను చూసి మనసాగక కొనుక్కొచ్చే దయగల వారికి ఒక కటువైన మాట. ఆ పిల్ల బయటపడుతుంది, నిజమే. దాని తల్లి మాత్రం ఆ బోనులోనే ఉంటుంది. మీరిచ్చిన డబ్బుతో దాన్ని మళ్లీ ఈనిస్తారు. ఫొటోలు తీసి జిల్లా జంతుహింస నివారణ సంఘానికి, పోలీసులకు ఫిర్యాదు చేస్తే ఆ తల్లికీ దారి దొరికే అవకాశం ఉంది. పెంచుకోవాలన్న కోరికే ముఖ్యమైతే, దత్తతకు ఎదురుచూస్తున్న వీధికుక్కల పిల్లలూ, యజమానులు వదిలేసిన బొచ్చుకుక్కలూ సంరక్షణ కేంద్రాల్లో ఉన్నాయి.

అలాగని భారమంతా కొనేవాళ్ల మీద నెట్టేస్తే ప్రభుత్వాల పని తప్పిపోదు. అమ్మకం కోసం కుక్కల్ని ఈనించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలని నిబంధన వచ్చి ఏళ్లు గడిచాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక మామూలు మనిషి తనకు దగ్గర్లో నమోదైన పెంపకందారు ఎవరో తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి? శిక్షల సంగతి మరీ విడ్డూరం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇరవై వేలకు పిల్లను అమ్మేవాడికి అది టీ ఖర్చు. ఈలోగా కేంద్రం 2024 మార్చిలో 23 జాతుల కుక్కలు ప్రమాదకరమంటూ నిషేధించాలని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చేతిలో ఉన్న నిబంధనను అమలు చేయకుండా కొత్త నిషేధాల కోసం పరుగెత్తడం మనకు అలవాటైపోయింది.

ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లను పెంచినవాడి దగ్గరే కొనాలి, దుకాణాలు, దళారులు అమ్మకూడదు. కుక్కపిల్లల ఫారంలో ఏళ్ల తరబడి ఈనించి చితికిపోయిన లూసీ అనే ఆడకుక్క పేరుతో ఆ చట్టాన్ని పిలుస్తారు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న కాలిఫోర్నియాలో 2019 నుంచే పెట్ షాపులు ఫారాల్లో పుట్టించిన పిల్లల్ని అమ్మడానికి వీల్లేదు. అంత దూరం పోకున్నా, రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు వెంటనే చేయగలిగినవి రెండున్నాయి. నమోదైన పెంపకందారుల జాబితాను జిల్లాలవారీగా వెబ్‌సైట్లలో పెట్టాలి, ప్రతి పశువైద్యశాల నోటీసు బోర్డు మీదా అంటించాలి. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా కుక్కపిల్లల అమ్మకం ప్రకటన వేసే పేజీలపై కేసులు పెట్టాలి. '40 డేస్' అని వాళ్లే రాసుకుంటున్నారు కాబట్టి సాక్ష్యం కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.